ఆరిపోయిన ప్రోటీన్ మళ్ళీ వెలిగిన మధ్యాహ్నం

దెయ్యాలను వెతికి పట్టుకోవడం నా పనిలో ఒక భాగం. హాస్యానికి చెప్పడం లేదు. లేజర్ ల్యాబులో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఇదే చెబుతారు. లేజర్ కిరణం ఒక గాజు పలక మీద పడినప్పుడు, వెళ్ళాల్సిన దారిలో వెళ్ళే అసలు కిరణంతో పాటు గాజు వెనక వైపు నుంచి ఇంకో పల్చటి కిరణం పుడుతుంది. దాన్ని ‘ఘోస్ట్’ అంటాం. అది పోయి డిటెక్టర్‌లో పడిందంటే లేని సిగ్నల్ ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పుడు నల్ల కాగితం ముక్క పట్టుకుని టేబుల్ మీద అంగుళం అంగుళం వెతికి, అది ఎక్కడ దొరికితే అక్కడ అడ్డం పెడతాం. అంతే, దెయ్యం వదిలిపోతుంది.

ఆరేళ్ళు ఆ పని చేశాను కాబట్టి రెండో రకం, అంటే కథల్లో చెప్పుకునే దెయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం కలగలేదు. మా ఇంట్లో ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ వెళ్ళిపోతాను.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇంకో కారణం కూడా ఉంది. జరిగింది చెప్పాలంటే నేను చేసిన ఒక పాడు పని కూడా చెప్పాలి. అది ఇప్పటికి ఇద్దరికే తెలుసు.

మాది విజయనగరం. మా నాన్న వయొలిన్ మాస్టారు. మా ఇంట్లో పొద్దున్నే ఎవరో ఒకరు సరళీ వరసలు పలికిస్తూ ఉండేవారు. నాకు సంగీతం అబ్బలేదు గానీ చెవి మాత్రం వచ్చింది. ఎక్కడ శృతి తప్పినా పంటి కింద రాయి పడినట్టు ఉంటుంది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, ఊరికి కొంచెం దూరంలో ఉన్న ఒక విద్యాసంస్థలో పీహెచ్‌డీకి చేరాను. సంస్థ పేరు, మా గైడు సార్ పేరు చెప్పను.

మేం చూసేది వెలుగిచ్చే ప్రోటీన్లని. సముద్రంలో కొన్ని జీవులు మెరుస్తాయి కదా, వాటిలో ఉండే ప్రోటీన్ లాంటిది. దాని మీద నీలం కాంతి వేస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. కాంతి తగిలిన మొదటి క్షణంలో లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం మా పని. క్షణం అంటే మామూలు క్షణం కాదు. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. దాన్ని చూడ్డానికి రెండు చిన్న కాంతి తునకలు వాడతాం. మొదటిది ప్రోటీన్‌ని తట్టి లేపుతుంది. రెండోది కాస్త ఆలస్యంగా వెళ్ళి అది ఎలా ఉందో చూసి వస్తుంది. ఆ ఆలస్యం కోసం ఒక అద్దాన్ని పట్టాల మీద వెంట్రుక మందం చొప్పున వెనక్కి జరుపుతాం. అలా జరుపుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒకసారి కొలిస్తే ఒక స్కాన్.

ఆ టేబుల్ మీద ప్రతి అద్దాన్నీ నేను నిలబెట్టాను. నాలుగేళ్ళు పట్టింది. ఏసీ ఒక డిగ్రీ పెరిగితే ఏ కిరణం ఏ పక్కకి జరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. అయినా నాకు వచ్చే సిగ్నల్ మాత్రం ఎప్పుడూ గతుకుల రోడ్డులా ఉండేది.

అప్పుడు రూతు వచ్చింది.

రూతుది ఆమదాలవలస అవతల ఒక పల్లె. వాళ్ళమ్మ శ్రీకాకుళంలో నర్సుగా చేసి రిటైరైంది. రూతు చదివింది బయోకెమిస్ట్రీ. బాక్టీరియాలో ప్రోటీన్ పెంచి, శుభ్రం చేసి మాకు ఇవ్వడానికి సార్ ఆమెను తీసుకున్నారు. లేజర్ జోలికి రావడం ఆమె పని కాదు. కానీ నా వెనక నిలబడి, “అక్కా, ఇదేటి? ఈ అద్దం ఎందుకు?” అని అడిగేది. నేను చెప్పేదాన్ని. ఆరు నెలలు తిరిగేసరికి నాకు పూట పట్టే పనిని ఆమె గంటలో చేసేది.

ఎందుకో తెలియదు, ఆమె టేబుల్ దగ్గర ఉన్న రోజు లేజర్ కదలకుండా ఉండేది. ఆమె పెంచిన ఒక మార్పు చేసిన ప్రోటీన్ అయితే మరీ. అది నీలం కాంతికి మెల్లగా నిద్రపోతుంది, ఊదా కాంతి వేస్తే మళ్ళీ లేస్తుంది. దాన్ని ఆమె కొలిస్తే వచ్చే గీత, ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు ఉండేది. అదే ట్యూబు నేను కొలిస్తే గతుకులు. సార్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, “రూతు చెయ్యి పడాలమ్మా దీనికి” అన్నారు. నా ముందే అన్నారు.

నాకు కుళ్ళు మొదలైంది ఆ రోజే అని చెప్పలేను. అంతకుముందే ఉంది. ఆ రోజు దానికి పేరు తెలిసింది.

ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండేది కాదు. అన్నం తినేటప్పుడు అడక్కుండానే తన డబ్బాలో కూర సగం నా డబ్బాలో వేసేసేది. “తినక్కా, సిక్కిపోతన్నావు” అనేది. సెమినార్‌లో ఎవరైనా మెచ్చుకుంటే, “మా అక్కే నేర్పింది సార్ అంతా” అని నన్ను చూపించేది. అది ఇంకా మంట. ఆ మాట వల్ల నేను మెట్టుగా, ఆమె మేడగా కనిపించేవాళ్ళం.

ఇంకోటి చెప్పాలి. స్కాన్ నడుస్తున్నంతసేపూ రూతు ఒక పాట కూనిరాగం తీసేది. వాళ్ళ చర్చిలో ఆదివారం పాడే పాట. రెండో వరసలో స్వరం పైకి వెళ్ళే చోట ఆమె ఎప్పుడూ ఒక్క వెంట్రుక వాసి తగ్గేది. రోజుకి నలభైసార్లు వినేదాన్ని. నలభైసార్లూ అక్కడే తగ్గేది. ఆమె దగ్గర నాకు దొరికిన ఒకే ఒక్క తప్పు అది. చెబితే సరిచేసుకుంటుందని చెప్పలేదు.

ఇక ఆ రోజు సంగతి.

జూలైలో ఒక బుధవారం. పొద్దున్న పదింటికి రూతు భుజాన బ్యాగుతో ల్యాబు గుమ్మం దగ్గరకి వచ్చింది. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. వాళ్ళమ్మ వంటగదిలో పడిపోయిందట. ఒక పక్క చెయ్యీ కాలూ ఆడటం లేదట. శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేర్చారు.

అప్పటికి మా పేపర్ ఒక పరిశోధన పత్రిక నుంచి తిరిగివచ్చి ఉంది. ఇంకొక్క కొలత కావాలని అడిగారు. తర్వాతి వారం నుంచి లేజర్‌ను సర్వీసింగ్‌కి ఆపేస్తున్నారు. రూతు దగ్గర ఉన్న ప్రోటీన్ దాదాపు అంతా అంతకు నెల ముందు ఫ్రీజర్ చెడిపోయినప్పుడు పోయింది. ఒక్క ట్యూబు మిగిలింది. దానికి వెలుతురు తగలకుండా అల్యూమినియం కాగితం చుట్టి, ఐసు డబ్బాలో పెట్టి తెచ్చింది.

“అక్కా, ఇదొక్కటే ఉన్నాది. పోతే మళ్ళీ మొదట్నించీ పెంచుకోవాల. నువ్వయితే జాగర్తగా సూస్తావు. నీ సేతిలో పెడతన్నాను” అంది.

నేను తీసుకున్నాను. “అమ్మని చూసుకో, ఇది నాకు వదిలెయ్” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. అది మాత్రం నమ్మండి.

పదకొండింటికి ట్యూబులోంచి ఒక చుక్క తీసి మామూలు పరీక్ష చేశాను. ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసే పరీక్ష. ప్రోటీన్ నిక్షేపంగా ఉంది. ఆ కాగితం ప్రింట్ తీసి నోటుబుక్కులో అంటించాను. అది ఇప్పటికీ ఉంది.

కాసేపటికి సార్ వచ్చారు. రూతు సంగతి చెప్పాను. పాపం అన్నారు. శాంపిల్ ఇచ్చి వెళ్ళిందా అని అడిగారు. ఇచ్చింది అన్నాను. ఆయన ముఖం తేలికపడింది. “రూతు శాంపిలే కదా, బాగానే వస్తుంది. నువ్వు జస్ట్ రన్ చెయ్” అని వెళ్ళిపోయారు.

జస్ట్ రన్ చెయ్. నాలుగేళ్ళు ఆ టేబుల్ కట్టినదాన్ని నేను. ఆయన దృష్టిలో ఆ రోజు నేను స్విచ్ నొక్కే మనిషిని.

పక్క బల్ల మీద నీలం దీపం ఒకటి ఉంటుంది. ప్రోటీన్ నిద్రపోతుందో లేదో చూడ్డానికి అర నిమిషం వెలిగిస్తాం. అంతకంటే ఎక్కువసేపు దగ్గరగా ఉంచితే నిద్రపోవడం కాదు, మాడిపోతుంది. మళ్ళీ లేవదు. నేను ట్యూబు మీది కాగితం విప్పి, స్టాండులో పెట్టి, దీపం దగ్గరకి లాగి వెలిగించాను. పరీక్ష కోసమే. అర నిమిషం అయింది. ఆర్పలేదు. టైము చూశాను, భోజనాల వేళ. క్యాంటీన్‌కి వెళ్ళిపోయాను.

చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అని ఎందుకు రాస్తున్నానో తెలియదు, మర్చిపోతే కదా. కూర్చుని పెరుగన్నం చివరి మెతుకు దాకా తిన్నాను. ఆ పూట ఎంత నెమ్మదిగా తిన్నానో నాకు తెలుసు.

తిరిగి వచ్చేసరికి మా అటెండరు అప్పల్నాయుడు గారు గుమ్మంలో ఉన్నారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. ఏ వస్తువునీ అడక్కుండా ముట్టుకోరు.

“అమ్మా, లోపల ఆ నీలం లైటు ఎలుగుతూనే ఉన్నాది. ఆర్పీమంటారా?” అన్నారు.

“ఉండనీండి” అన్నాను.

ఇంకో అరగంట ఉంచాను. తర్వాత సార్‌కి మర్చిపోయాననే చెప్పాను. మర్చిపోలేదు.

రెండున్నరకి దీపం ఆర్పాను. పొద్దున్న లేత పసుపు పచ్చగా ఉన్న ద్రవం మంచినీళ్ళలా తెల్లగా ఉంది. ఒక చుక్క తీసి మళ్ళీ అదే పరీక్ష చేశాను. పొద్దున్న కొండలా లేచిన చోట చదునైన గీత. ఒకవేళ నిద్రలోనే ఉందేమోనని ఊదా దీపం కింద పెట్టాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. లేవలేదు. చచ్చిపోయిన ప్రోటీన్ అది. ఈ రెండో కాగితం కూడా నోటుబుక్కులో అంటించాను.

అప్పుడు నాకు భయం వేయలేదు. పశ్చాత్తాపం కూడా లేదు. ఒక చల్లటి తృప్తి కలిగింది. సార్‌కి చూపించడానికి ఒక ఖాళీ ఫైలు కావాలనిపించింది. ‘రన్ చేశాను సార్, ఏమీ రాలేదు, శాంపిల్ అప్పటికే పాడైనట్టుంది’ అని చెప్పాలని. రూతు శాంపిల్ కూడా పాడవుతుందని ఆయన ఒక్కసారైనా చూడాలని.

మూడింటికి లేజర్ ఆన్ చేశాను. మా ల్యాబుకి కిటికీలు లేవు. బయట ఎర్రటి ఎండ ఉన్నా లోపల దీపాలు ఆర్పితే చీకటే. ఫోన్లు లోపలికి తీసుకురాకూడదు, బయట అరలో పెట్టి రావాలి. కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ తెల్లటి నీళ్ళను చిన్న గాజు డబ్బీలో పోసి కిరణం దారిలో పెట్టాను.

మొదటి స్కాన్‌లో ఏమీ లేదు. రెండో స్కాన్‌లోనూ లేదు. సున్నా మీద సన్నటి వణుకు, అంతే. అనుకున్నట్టే ఉంది. మూడోది పెట్టి కుర్చీలో వెనక్కి వాలాను.

కూనిరాగం వినపడింది.

రూతు పాట. నేనే అంటున్నాననుకున్నాను. రోజూ వినీ వినీ నా నోటికి కూడా పట్టేసిందనుకుని విసుక్కున్నాను. ఆపుదామని పెదాల మీద చెయ్యి పెట్టుకున్నాను. పెదాలు మూసే ఉన్నాయి. గొంతు మీద వేలు పెట్టి చూసుకున్నాను. కదలడం లేదు. పాట మాత్రం టేబుల్ అవతలి వైపు నుంచి, మనిషి నిలబడితే నోరు ఉండేంత ఎత్తు నుంచి వస్తోంది.

రెండో వరసకి వచ్చింది. స్వరం పైకి వెళ్ళే చోటుకి వచ్చింది. నేను అలవాటు కొద్దీ పళ్ళు బిగబట్టాను. ఈసారి తగ్గలేదు. సరిగ్గా పట్టింది. మా నాన్న వయొలిన్ మీద పట్టినంత సరిగ్గా.

నేను స్క్రీన్ వైపు చూశాను. గీత పైకి లేస్తోంది.

తెల్లటి నీళ్ళలో ఆకుపచ్చ గీత ఒకటి వెలుగుతోంది. నీలం కిరణం డబ్బీలోకి వెళ్ళిన చోట, గోరంత పొడవు. కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. ఉంది.

భయం వేసిందా అంటే, వేసింది. కానీ నాకు మొదట కలిగింది భయం కాదు. ఉడుకుమోతుతనం. ‘రూతు ఇక్కడ లేకపోయినా దానికే వస్తోంది’ అనుకున్నాను. అక్షరాలా ఇదే అనుకున్నాను.

తర్వాత అలవాటు పడిన చేతులు పని మొదలుపెట్టాయి. మొదటి కిరణానికి అడ్డం పెట్టాను, సిగ్నల్ పోయింది. తీశాను, వచ్చింది. డబ్బీ తీసేసి వేరే డబ్బీలో ప్రోటీన్ లేని ఉప్పునీరు పెట్టాను, ఏమీ లేదు. మళ్ళీ ఇది పెట్టాను, వచ్చింది. నల్ల కాగితం పట్టుకుని టేబుల్ అంతా వెతికాను. దారితప్పిన కిరణం ఒక్కటి కూడా లేదు. ఈ వెతుకులాటలో పాట ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు.

మొత్తం ఏడు స్కాన్లు వచ్చాయి. ఏడూ ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు. పత్రిక వాళ్ళు అడిగిన కొలత పూర్తవడానికి ఏడే కావాలి. ఎనిమిదో స్కాన్‌లో గీత సున్నాకి పడిపోయింది. దీపాలు వేసి చూస్తే డబ్బీలో మంచినీళ్ళే ఉన్నాయి. మూడోసారి పరీక్ష చేశాను. చదునైన గీత. ఆ కాగితం కూడా అంటించాను.

బయటికి వచ్చి అరలోంచి ఫోను తీశాను. రూతు నుంచి ఒక మిస్డ్ కాల్. వాళ్ళమ్మకి ఏదో అయిందనుకున్నాను. తిరిగి చేశాను.

అమ్మకి గండం గడిచిందట. కళ్ళు తెరిచి పేరు పెట్టి పిలిచిందట. అది చెప్పి కాసేపు ఏడ్చింది. తర్వాత అంది: “అక్కా, వరండాలో బల్ల మీద కూకుంటే పాడు నిద్దర పట్టీసింది. ఏటో కలొచ్చింది. అందుకే సేసినాను ఫోను.”

“ఏం కల?”

“మన ల్యాబులోకి వచ్చీసినాను. నీలం లైటు కింద నా ట్యూబు ఉన్నాది. ముట్టుకుంటే కాలిపోతన్నాది. రెండు సేతుల మధ్యన పెట్టి మూసీసినాను, ఎలుగు తగలకుండా. నువ్వు కుర్సీలో కూకొని మా చర్చి పాట పాడతన్నావు. నాకు ఎప్పుడూ ఒక సోట తప్పిపోతాది సూడు, అది నువ్వు సక్కగా పట్టీసినావు. కలలోనే నాకు కుళ్ళొచ్చీసిందక్కా.” నవ్వింది. “ట్యూబు బాగున్నాదా?”

బాగుంది అనలేకపోయాను. “సిగ్నల్ వచ్చింది” అన్నాను.

“ఎలాగొచ్చింది?”

“నీకు వచ్చినట్టే వచ్చింది.”

ఆ సాయంత్రం ఆ ఫైలు తుడిచేద్దామని రెండుసార్లు మౌస్ దాని మీదికి తీసుకెళ్ళాను. తుడవలేదు. నిజాయితీ వల్ల కాదు. ఆరేళ్ళలో నా చేతి కింద వచ్చిన అన్నింటికంటే అందమైన గీత అది. నాది కాదని తెలిసినా చెరపడానికి మనసు రాలేదు.

తొమ్మిది రోజులకి రూతు తిరిగి వచ్చింది. క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. డబ్బా మూత తీసి కూర నా డబ్బాలో వేయబోయింది. ఆ చెయ్యి ఆపి చెప్పేశాను. దీపం సంగతి, నాయుడు గారు అడగడం, నేను ఉండనీండి అనడం, తర్వాత జరిగింది. మూడు కాగితాలూ చూపించాను.

చాలాసేపు ఆ కాగితాలే చూసింది. వింత సంగతి గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

“ఎందుకక్కా?” అంది.

“సార్ నన్ను జస్ట్ రన్ చెయ్ అన్నారు” అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నగా వినపడిందో చెప్పలేను.

“నన్ను అడిగితే లేజర్ కాడికి రావడం మానీసేదాన్ని కదా. నీకంటే ఎక్కువా నాకిది?” అంది. డబ్బా మూసేసి లేచి వెళ్ళిపోయింది. ఆమెకి నిజంగా కోపం వస్తే గొంతు తగ్గుతుందని ఆ రోజే తెలిసింది.

సార్ దగ్గరకి ఆమే వెళ్ళింది. శాంపిల్‌కి వెలుతురు తగిలింది, ఆ ఫైలు వాడొద్దు అని చెప్పింది. ఎవరి వల్లో చెప్పలేదు. సార్ నన్ను తన గదికి పిలిచి అడిగారు. రూతు పక్కనే ఉంది. నేను దీపం ఆర్పడం మర్చిపోయానన్నాను. రూతు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. కాదని అనలేదు.

పత్రిక వాళ్ళని గడువు అడిగి, ప్రోటీన్ మళ్ళీ మొదటినుంచీ పెంచాం. మూడు నెలలు పట్టింది. నేను ఫ్లాస్కులు కడిగాను, బాక్టీరియా పెరుగుతుంటే గంట గంటకీ చూశాను, రూతు చెప్పినవన్నీ చేశాను. ఆమె అవసరమైన మాట తప్ప మాట్లాడేది కాదు. కూర మాత్రం రెండో నెలలో మళ్ళీ వేయడం మొదలుపెట్టింది, ఏమీ అనకుండా.

కొత్త ప్రోటీన్‌ని రూతు కొలిచింది. సార్ ఆ గీతనీ, నా పాత ఫైలులోని గీతనీ ఒకే కాగితం మీద వేయమన్నారు. వేస్తే రెండు గీతలు కనపడలేదు. ఒక్కటే కనపడింది. ఒకదాని కింద ఇంకొకటి పూర్తిగా దాగిపోయింది.

సార్ దానికి ఒక కారణం చెప్పారు. ట్యూబులో కొంత భాగానికి వెలుతురు తగిలి ఉండదు, ప్రోటీన్ అంతా మాడి ఉండదు, చీకట్లో పెట్టాక నెమ్మదిగా తేరుకుని ఉంటుంది అన్నారు. మంచి కారణమే. కానీ ముందూ వెనకా తీసిన కాగితాలు నా దగ్గర ఉన్నాయి. తేరుకున్నది ఏడు స్కాన్ల తర్వాత మళ్ళీ ఎందుకు చచ్చిపోయిందో కూడా ఆ కారణం చెప్పదు. పాట సంగతి సార్‌కి చెప్పలేదు.

పేపర్ వచ్చింది. మొదటి పేరు రూతుది, రెండోది నాది. నా పేరు తీసేయమని అడిగాను. “అద్దాలన్నీ ఎవరు నిలబెట్టినారు?” అంది, అంతే.

ఇప్పుడు నేను చీపురుపల్లి వైపు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. రూతు ఇంకా అదే ల్యాబులో ఉంది. ఇప్పుడు ఆ టేబుల్ ఆమెది. వాళ్ళమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది. పోయిన వేసవి సెలవుల్లో నేను రూతుకి ఫోన్ చేసి, ఒక ట్యూబు ఇస్తావా అని అడిగాను. ఎందుకో చెప్పాను. “రా అక్కా” అంది.

అంతా అలాగే చేశాం. అదే దీపం, అంతే దూరం, అంతే సేపు. ద్రవం తెల్లబడింది. ఊదా దీపానికి లేవలేదు. మూడింటికి లేజర్ వేసి, నేను కుర్చీలో కూర్చున్నాను. రూతు నా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఒక స్కాన్, రెండు, మూడు. పది దాకా చూశాం. గీత సున్నా మీదే ఉంది. మర్నాడు ఇంకో ట్యూబుతో మళ్ళీ చేశాం. మూడో రోజు కూడా. ఏమీ రాలేదు.

మూడో రోజు లేచేటప్పుడు రూతు నా భుజం మీద చెయ్యి వేసి, “ఒగ్గీ అక్కా. అది ఇంక రాదు” అంది. ఆమె గొంతులో కొంచెం నిరాశ ఉంది. ఆమెకి కూడా చూడాలని ఉన్నట్టుంది.

నాకు నిరాశ కలగలేదు. సంతోషం కలిగింది. రూతు స్వయంగా పక్కన కూర్చున్నా రాలేదు కదా అని, బస్సెక్కి ఊరు దాటేదాకా లోపల అదే సంతోషం. ఇన్నేళ్ళ తర్వాత, ఇంత జరిగిన తర్వాత, ఇంకా ఆ సంతోషం ఎక్కడ దాక్కుని ఉందో నాకు అర్థం కాలేదు. ఆ రోజు ఆ నీళ్ళలో వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అర్థం కాలేదు. రెండింటిలో ఏది ముందు తెలుసుకోవాలని ఉందని ఎవరైనా అడిగితే, మొదటిదే, ఆ సంతోషం సంగతే అంటాను. ఆ వెలుగు గురించి ఆలోచించే ధైర్యం ఇంకా రాలేదు.